అంకుడు కర్ర ఆవిరింజను

ఏటా ఏప్రిల్ 16 దగ్గరపడగానే పత్రికలవాళ్లకు బోరీబందర్ గుర్తొస్తుంది. 1853లో ఆ రోజు బొంబాయి నుంచి ఠాణేకు నడిచిన తొలి రైలు, దాన్ని లాగిన మూడు ఇంజన్లు, 14 పెట్టెలు, 400 మంది అతిథులు, 21 తుపాకుల వందనం మరోసారి అచ్చెక్కుతాయి. అనకాపల్లి జిల్లా చోడవరంలో మాత్రం ఈ రైల్వే వారోత్సవం ఎప్పుడొచ్చిందో ఎప్పుడెళ్లిందో ఎవరికీ తెలీదు. ఊరికి రైలే లేదు మరి. విఘ్నేశ్వరుడి గుడి ఉంది, చుట్టూ చెరుకు తోటలున్నాయి, గోవాడలో పంచదార ఫ్యాక్టరీ ఉంది. రైలెక్కాలంటే మాత్రం అనకాపల్లి వెళ్లాల్సిందే.

అలాగని ఊళ్లో రైలింజన్లకు కొదవేం లేదు. షోకేసుల్లో, టీవీల పక్కన, బడికెళ్లే పిల్లల పుస్తకాల మధ్య ఎర్రటి పొగగొట్టంతో, పచ్చటి బాయిలర్‌తో అరచేతిలో ఇమిడే ఇంజను ఒకటి కనిపిస్తుంది. వెనక రెండు మూడు పెట్టెలు, వాటిని కలిపే చిన్న కొక్కేలు. అవి ఇదే జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో తయారైన లక్క బొమ్మలు.

పొగబండి కన్నా దాని బొమ్మకే వయసెక్కువ. 1670లలో పెకింగులో కాంగ్షీ చక్రవర్తి కొలువులో ఉన్న ఫెర్డినాండ్ వెర్బీస్ట్ అనే జెసూట్ మతగురువు, ఆవిరి ధాటికి దానంతటదే కదిలే రెండడుగుల బండి గురించి రాశాడు. మనిషి ఎక్కడానికి పనికిరాదు, చూసి ముచ్చటపడటానికే. 1784లో ఇంగ్లాండులోని కార్న్‌వాల్‌లో విలియం మర్డాక్ మూడు చక్రాల ఆవిరి బండి నమూనా కట్టాడు. స్పిరిట్ దీపంతో నీళ్లు కాచే ఆ బుల్లిబండిని ఓ రాత్రి చర్చికెళ్లే దారిలో వదిలితే అది యజమానిని దాటి పరుగెత్తిందనీ, ఎదురొచ్చిన పాస్టరుగారు నిప్పులు కక్కుతూ బుసకొట్టే ఆ ఆకారాన్ని సాక్షాత్తూ సైతాననుకుని కేకలు పెట్టాడనీ చెబుతారు. రిచర్డ్ ట్రెవితిక్ ఇంజను వేల్సులో పట్టాల మీద పది టన్నుల ఇనుము లాగడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. అది 1804.

ఆ తర్వాత చరిత్ర నిజం రైలు లాగే వేగం పుంజుకుంది. 1825లో స్టాక్టన్–డార్లింగ్టన్ లైను. 1856లో రాయపురం నుంచి ఆర్కాటు వైపు దక్షిణాదిలో తొలి రైలు. 1893–96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా తూర్పు కోస్తా లైను. వాల్తేరు, అనకాపల్లి జనం పొగబండిని చూసింది అప్పుడే. అటు జర్మనీలో మార్క్‌లిన్ కంపెనీ 1891లో బొమ్మ పట్టాల వెడల్పుకు కొలతలు ఖాయం చేసింది. 1920లో ఫ్రాంక్ హార్న్‌బీ ఇంగ్లాండులో తాళం తిప్పితే నడిచే రేకు రైళ్లు తెచ్చాడు. ఆ రేకు రైళ్లు మన దేశంలో దొరల బంగళాల్లోకి, జమీందారుల మేడల్లోకి చేరాయి. తీర్థంలో చేటలు, గాజులు కొనుక్కునే ఇళ్లకు రైలు కర్ర రూపంలో వచ్చింది.

కర్రలో రావడానికి కారణం ఇంజను ఒంటిలోనే ఉంది. ఆవిరింజనును పైనుంచి కిందిదాకా చూడండి: బాయిలర్ గుండ్రం, పొగగొట్టం గుండ్రం, ఆవిరి డోము గుండ్రం, సిలిండర్లు గుండ్రం, చక్రాలు, బఫర్లు, ముందు దీపం అన్నీ గుండ్రమే. లేత్ మీద తిరగడానికే పుట్టినట్టుంటుంది. నాలుగు వందల ఏళ్లుగా నడుస్తోందని చెప్పుకునే ఏటికొప్పాక పనితనమంతా లేత్ మీదే. కుంకుమ భరిణె తిప్పిన చేతికి డోము తిప్పడం కొత్త విద్య కాదు. బొంగరం తిప్పినవాడికి చక్రం ఓ లెక్కా?

పని తీరు చూడ్డానికి తేలిక, చేయబోతే తెలుస్తుంది. మెత్తగా, వంకర తిరగకుండా ఉండే అంకుడు కర్రను ఆరబెట్టి, కొలతకు ముక్కలు కోసి, లేత్‌కు బిగిస్తారు. ఒకప్పుడు ఒకరు తాడు లాగుతుంటే మరొకరు ఉలి పట్టేవారు, ఇప్పుడు కరెంటు మోటారు తిప్పుతుంది. ఆకారం తేలాక రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఎండిన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుపొస్తుంది. బ్రష్షుతో, డబ్బా పెయింటుతో పని లేదు. రసాయన రంగులు వచ్చి బొమ్మలను పాడుచేస్తున్న రోజుల్లో ఆ ఊరి కళాకారుడు సి.వి. రాజు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి మొక్కల రంగులను మళ్లీ ఊళ్లోకి తెచ్చారు. బొమ్మను నోట్లో పెట్టుకోవడం పిల్లల జన్మహక్కు కాబట్టి ఆ మార్పు విలువ తల్లులకే బాగా తెలుసు.

అయితే ఏటికొప్పాక ఇంజను బొమ్మేగాని మోడల్ కాదు. దానికి కొలత కన్నా కళ ముఖ్యం. మోడల్ కట్టేవాళ్ల లోకం వేరు. వాళ్లకు ఇంజను ఎన్ని అడుగులుంటే అందులో సరిగ్గా 87వ వంతు కావాలి, రివెట్లతో సహా. హెచ్ఓ అని పిలిచే ఈ కొలతలో, స్వతంత్రం వచ్చిన ఏడాది మన పట్టాలెక్కిన డబ్ల్యూపీ ఇంజను 27 సెంటీమీటర్లకు దిగుతుంది. అయిదడుగుల ఏడంగుళాల దాని పెద్ద చక్రం ఇప్పటి రూపాయి బిళ్లంత అవుతుంది. పుణెలో 1998 నుంచి నడుస్తున్న జోషీగారి బుల్లి రైళ్ల మ్యూజియం ఈ కొలతలోనిదే.

ఈ పిచ్చి మహారాజులకూ పట్టింది. గ్వాలియర్‌లోని జయవిలాస్ ప్యాలెస్‌లో సింధియాల భోజనాల బల్ల మీద వెండి రైలొకటి తిరుగుతుండేది. గాజు పెట్టెల్లో బ్రాందీ, చుట్టలు మోసుకుంటూ అతిథుల ముందు నుంచి సాగేది. ఎవరైనా సీసా ఎత్తితే ఆగేది, పెట్టేస్తే కదిలేది.

మన వైపు రాజుగారికి బల్ల సరిపోలేదు. పర్లాకిమిడి గౌరచంద్ర గజపతి తన రాజధానికి నిజం రైలే కావాలనుకున్నారు. తూర్పు కోస్తా లైను తన జమీ పక్కనుంచే, ఉప్పు మళ్ల ఊరు నౌపడా మీదుగా వెళ్తోంది. అక్కడి నుంచి పర్లాకిమిడి 25 మైళ్లు. మద్రాసు సర్కారు అనుమతి తెచ్చుకుని, దాదాపు ఏడు లక్షల రూపాయలు పోసి, రెండున్నర అడుగుల వెడల్పున పట్టాలు వేయించారు. 1900 ఏప్రిల్ 1న పర్లాకిమిడి లైట్ రైల్వే మొదలైంది. టెక్కలి, పాతపట్నం జనానికి ఇంటి ముందుకే రైలొచ్చింది.

తొలి రోజుల్లో లైనుకు ఆదాయం అంతంతమాత్రం. రెండేళ్లకే నడిపే బాధ్యత బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. ఉప్పు, ధాన్యం, కలప, మనుషులు నెమ్మదిగా పట్టాలకు అలవాటు పడ్డారు. 1929–31 మధ్య లైను వంశధార లోయ వెంట గుణుపురం దాకా సాగింది. 1936లో, మళ్లీ ఏప్రిల్ 1నే, ఒరిస్సా కొత్త రాష్ట్రంగా ఏర్పడింది. నౌపడా, టెక్కలి, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి, పర్లాకిమిడి ఒరిస్సాకు వెళ్లింది. బుల్లి రైలు రాత్రికి రాత్రే అంతర్రాష్ట్ర రైలైంది. గౌరచంద్రుల కుమారుడు కృష్ణచంద్ర గజపతి మరుసటి ఏడాది ఒరిస్సా తొలి ప్రధాని పదవి చేపట్టారు. తెలుగువాళ్ల మాటల్లో మాత్రం అది నౌపడా బండే.

దాన్ని లాగినవి ఇంగ్లాండులో కెర్ స్టూవర్ట్ కంపెనీ తయారుచేసిన పీఎల్ తరగతి ఇంజన్లు. వెనక బొగ్గు, నీళ్లు మోసే వేరే టెండరు ఉండదు. నీళ్ల తొట్లు బాయిలర్‌కు ఇరుపక్కలా, బొగ్గు డ్రైవరు గదికి వెనక. మధ్యలో లాగే చక్రాలు ఆరు, బొగ్గు బరువు మోయడానికి వెనక బుల్లి చక్రాలు నాలుగు. చూడగానే నవ్వొచ్చేంత పొట్టి ఇంజను. మోడల్ కట్టేవాళ్లు దీని మీద మనసు పారేసుకోవడానికి పొట్టితనం ఒక కారణం, పట్టాల లెక్క అసలు కారణం.

లెక్క ఇదీ. మన బ్రాడ్‌గేజ్ వెడల్పు 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3 వస్తుంది. బజారులో దొరికే హెచ్ఓ పట్టాలు మాత్రం యూరప్, అమెరికా రైళ్ల 1435 మిల్లీమీటర్లకు సరిపడేలా 16.5 దగ్గర ఆగిపోతాయి. డబ్ల్యూపీని ఎంత ముద్దుగా కట్టినా, పట్టాల మీద నిలబెట్టేసరికి ఒళ్లు లావు, కాళ్లు దగ్గర. సొంతంగా పట్టాలు వేసుకుని, ఇరుసులన్నీ మార్చుకునే ఓపిక ఉన్నవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు ఆ మూడు మిల్లీమీటర్ల దగ్గర కళ్లు మూసుకుంటారు. పర్లాకిమిడి లైనుకు ఆ బాధ లేదు. 762 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 8.76. ఇంతకన్నా చిన్న కొలత రైళ్ల కోసం తయారైన 9 మిల్లీమీటర్ల ఎన్ గేజ్ పట్టాలు ఏ పెద్ద దుకాణంలోనైనా దొరుకుతాయి. తేడా వెంట్రుక వాసి.

కట్టే పద్ధతీ దానికి తగ్గట్టే. నడిచే ఎన్ గేజ్ ఇంజను ఒకటి కొని, పై తొడుగు తీసేసి, మోటారు చక్రాలు ఉంచుకుంటారు. బాయిలర్‌కు ఇత్తడి గొట్టం, తొట్లకు సన్నటి ఇత్తడి రేకు లేదా ప్లాస్టిక్ షీటు. రేకు వెనక నుంచి మొండి సూదితో ఒక్కో చుక్కా నొక్కుకుంటూ పోతే ముందువైపు రివెట్ల వరస తేలుతుంది. స్కేలు ఒక్క గీత జారినా వరస వంకర పోతుంది, రేకు చెత్తబుట్టలోకి పోతుంది. పొగగొట్టం, డోము మాత్రం ఇక్కడా లేత్ మీదే తిరగాలి. చేతికడ్డీలకు సన్నటి తీగ. బొగ్గుకు నిజం బొగ్గే, నలగ్గొట్టి గమ్ముతో అంటిస్తారు. ఒంటికి అచ్చమైన నలుపు వేయరు. చిన్న వస్తువు మీద అది మరీ చిక్కగా కనిపిస్తుంది కాబట్టి కాస్త బూడిద రంగు కలుపుతారు. నౌపడా ఉప్పు మోసిన వ్యాగనైతే కింది అంచుల్లో తుప్పు రంగు అద్దాలి, మూలల్లో తెల్లటి పొడి చల్లాలి. కొత్తగా మెరిసే వ్యాగను ఈ విద్యలో తప్పు కిందే లెక్క.

ఇంతవరకూ కథ పట్టాల మీదే సాగింది. ఇక్కడి నుంచి దారి చీలుతుంది. డీజిలు, కరెంటు ఇంజన్లు వచ్చాయి. 1995 డిసెంబరుతో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరింజన్ల రోజువారీ సర్వీసు ముగిసింది. కొత్త ఇంజను ఆకారం పెట్టె. లేత్‌కు దాంతో పనేముంది? రంపం, జిగురు చాలు. ఏటికొప్పాక అటు పోలేదు. బ్రాడ్‌గేజ్ పొగ మానేసిన మూడు దశాబ్దాల తర్వాత కూడా అక్కడి ఇంజనుకు పొగగొట్టం ఉంది. నిజం పొగబండిని ఎన్నడూ చూడని పిల్లలు ఆ బొమ్మను చూసి ఠక్కున రైలనే అంటారు. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది, వందే భారత్ కూడా తిరుగుతోంది. తీర్థాల్లో అమ్మే రైలు మాత్రం ఆవిరిదే.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో ఊరి పేరు వినిపించింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో బొమ్మల శకటం నడిచి మూడో బహుమతి తెచ్చింది. అదే సమయంలో అంకుడు కర్ర కొరత తీరలేదు, ప్లాస్టిక్ రైలు సగం ధరకు పక్క దుకాణంలోనే ఉంది. మోడల్ కట్టేవాళ్లలోనూ సూదితో రివెట్లు నొక్కే ఓపిక తగ్గి, కంప్యూటర్లో గీసి త్రీడీ ప్రింటర్లో తీసుకునేవాళ్లు పెరుగుతున్నారు. రివెట్లు వరస తప్పవు. పాత చేతులు మాత్రం ప్రింటు పొరల గీతలు చూపించి పెదవి విరుస్తాయి.

ఇక నౌపడా బండి. పట్టాలు వెడల్పు చేయడానికి 2004లో చిన్న లైను మూసేశారు. 2011లో బ్రాడ్‌గేజ్ రైలు గుణుపురం చేరింది. ఊళ్లవాళ్లకు బండి మారే తిప్పలు తప్పాయి, ప్రయాణం వేగమైంది. నష్టమల్లా హెచ్ఓ వాళ్లకే. నేటి నౌపడా–గుణుపురం లైనును కొలత ప్రకారం కట్టాలంటే 9 మిల్లీమీటర్ల పట్టాలు పనికిరావు. మళ్లీ ఆ 19.3కీ 16.5కీ మధ్య తగాదా తేల్చుకోవాలి.