పుస్తకాల మూట ఎత్తుకున్నవాళ్లు

వట్టికోట ఆళ్వారుస్వామి బడికి పోయి చదువుకున్న మనిషి కాదు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చెరువు మాధవరంలో 1915లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసిపెడుతూ చదవడం రాయడం నేర్చుకున్నారు. హోటల్లో సర్వరు పని చేశారు, గోల్కొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. అలాంటివాడు 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చయిన పుస్తకాలను తానే మూటకట్టుకుని ఊరూరా తిరిగి అమ్మారు. తర్వాత ‘ప్రజల మనిషి’ నవల రాసి పేరు తెచ్చుకున్నారు గానీ, నాకు నవలాకారుడి కన్నా ఆ మూట మోసిన ఆళ్వారుస్వామే ఎక్కువ ఇష్టం.

ఎందుకంటే తాను చదివి, తాను అచ్చువేయించి, తానే మోసుకొచ్చిన పుస్తకం గురించి ఎదుటివాడు “ఇందులో ఏముంది?” అని అడిగితే తడుముకోకుండా చెప్పగలిగినవాడు ఆయన. ఆ మాట విని పుస్తకం కొన్నవాడు చదివి, పక్కింటివాడికి ఇచ్చేవాడు. గ్రంథాలయోద్యమ చరిత్ర రాసేవాళ్లు మామూలుగా శంకుస్థాపనలు, మహాసభలు, తీర్మానాలు లెక్కపెడుతుంటారు. అవన్నీ కావలసినవే. అయితే ఆ ఉద్యమాన్ని నడిపింది భవనాలు కాదు, “ఇది చదివి చూడు” అని ఒకరికొకరు చెప్పుకున్న పాఠకులు.

అలా చెప్పుకోవడానికి ఒక పద్ధతి ఏర్పరచినవారిలో కొమర్రాజు వెంకట లక్ష్మణరావును ముందు తలచుకోవాలి. ఆయన కూడా పూనుకోగా హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. తెలుగు పుస్తకం కావాలంటే ఎక్కడ దొరుకుతుందో, అసలు ఏమేం ఉన్నాయో చెప్పే దిక్కు లేదు. పుస్తకాలు పోగేసి బీరువాలో పెడితే సరిపోదని లక్ష్మణరావుకు త్వరగానే తెలిసింది. మునగాల సంస్థానంలో దివానుగా ఉంటూనే 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి అనే ప్రచురణ సంస్థను పెట్టించారు. రెండేళ్లకు మండలి మద్రాసుకు మారింది.

మండలి కిటుకు చందాలో ఉంది. చందాదారుడు ఫలానా పుస్తకం కావాలని అడగడు, మండలి వేసినదల్లా తీసుకుంటాడు. మొదట గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర వచ్చింది. తర్వాత చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం, మంత్రిప్రగడ సాంబశివరావు పదార్థ విజ్ఞానం వచ్చాయి. మధ్యలో చారిత్రక నవలలూ ఉన్నాయి. నవలకోసం చందా కట్టినవాడి చేతిలోకి జీవశాస్త్రం వచ్చి పడింది. తనంతట తాను అంగడికి పోతే ఆ పుస్తకాన్ని ముట్టుకునేవాడు కాడేమో. సంపాదకుడైన లక్ష్మణరావు మీద గురితో చదివాడు. చదివి నచ్చినవాడు ఇంకో ఇద్దరిచేత చందా కట్టించాడు. తెలుగులో సైన్సు చదివించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం తర్వాత ఎవరికీ తట్టలేదని నా అభిప్రాయం.

లింకన్ పుస్తకం వచ్చిన మరుసటి ఏడే, 1908లో, గాడిచర్ల ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు రాజద్రోహం కింద జైలుకు వెళ్లారు. బయటికొచ్చాక ఆయన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి పెద్దదిక్కయ్యారు, వయోజన విద్య పని తలకెత్తుకున్నారు. చదువురాని ఊళ్లో గ్రంథాలయం పెడితే ఎవరికి లాభమని ఎదురయ్యే ప్రశ్నకు ఆయన బతుకే జవాబు: ముందు చదవడం నేర్పు, ఆ తర్వాత పుస్తకం చేతికివ్వు.

కోస్తాలో ఈ పనిని ఉద్యమంగా మలిచినవారు అయ్యంకి వెంకటరమణయ్య. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన, గ్రంథాలయాలు నడిపేవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే పుట్టింది. ఆ తర్వాత వచ్చిన ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక ఒక ఊరి గ్రంథాలయం సంగతులు ఇంకో ఊరికి చేరవేసింది. అయ్యంకి, ఆయన తోటివాళ్లు గ్రంథాలయ యాత్రలు కూడా చేశారు. యాత్ర అంటే తీర్థయాత్రే. కాకపోతే దేవుడి బదులు ఊరి పుస్తకాల గది.

పుస్తకం దగ్గరికి మనిషి రాకపోతే మనిషి దగ్గరికే పుస్తకం పోవాలన్నది పాతూరి నాగభూషణం పట్టుదల. గుంటూరు జిల్లా పెదపాలెం ఆయన పనిచోటు. కృష్ణా డెల్టాలో అప్పటికింకా రోడ్డు కన్నా కాలువే దారి. ఊరినుంచి ఊరికి పడవలో పోవడమంటే గంటలకొద్దీ కూర్చోవడం. 1935లో ఆయన పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువలో పడవ గ్రంథాలయం నడిపించారు. వేటపాలెం సారస్వత నికేతనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేసిన సంగతి అందరికీ గుర్తుంది, అక్కడ దాచిన ఆయన చేతికర్రను చూడటానికి జనం ఇప్పటికీ వెళ్తారు. కాలువ మీద తిరిగిన ఆ పుస్తకాల సంగతి మాత్రం గుంటూరు జిల్లాలోనే చాలామందికి తెలియదు.

ఇటు తెలంగాణలో కథ వేరు. 1929లో నిజాం సర్కారు గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు జారీచేసింది. ముందుగా అనుమతి తీసుకోకుండా సభ పెట్టరాదు. గ్రంథాలయం పెట్టడానికీ పర్మిషను తప్పలేదు. పుస్తకాలు చదివేవాళ్లు నలుగురు చేరితే రేపు ఏం మాట్లాడుకుంటారోనని సర్కారుకు దడ. ఆ దడ ఉత్తిది కాదు. గ్రంథాలయాల్లో చేరినవాళ్లే తర్వాత ఆంధ్ర మహాసభలో కనబడ్డారు. ఆళ్వారుస్వామి సంగతే తీసుకోండి. మూటలో పుస్తకాలతో పల్లెలు తిరిగిన మనిషి కొన్నేళ్లకు కవి దాశరథితో కలిసి నిజామాబాదు జైల్లో ఉన్నారు. దాశరథి ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చారు.

స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలొచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో 1948లో, హైదరాబాదులో 1955లో, ఆ రెండింటి తెలుగు ప్రాంతాలు కలిసిన ఆంధ్రప్రదేశ్‌లో 1960లో. జిల్లా గ్రంథాలయ సంస్థలు, శాఖలు, జీతాలు, భవనాలు సమకూరాయి. ఉద్యమం కోరిందే అది. కానీ పుస్తకాల ఎంపిక టెండర్లకూ జాబితాలకూ పోయింది. చదివి చెప్పే మనిషి ఆ జాబితాల్లో ఎక్కడా లేడు.

మరి ఆ పని ఎవరు చేశారు? నన్నడిగితే అద్దె పుస్తకాల షాపులవాళ్లు. సాహిత్య చరిత్రకారులు వాళ్లను లెక్కలోకి తీసుకోరు. 1970, 80లలో చిన్న పట్నాల్లో కూడా సందుకొక షాపు ఉండేది. యద్దనపూడి నవలలు చదివేవాళ్లకు తర్వాత ఏది ఇవ్వాలో, యండమూరి అయిపోయినవాళ్లను ఎటు మళ్లించాలో ఆ షాపాయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. “ఇది మీకు నచ్చదండీ, ఇది తీసుకెళ్లండి” అనేవాడు. ఇళ్లల్లో ఆడవాళ్లు వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, దాచి, బైండు చేయించి గోడ అవతలికి అందించుకునేవారు. వెనక్కి రాకపోతే పోట్లాడుకునేవారు కూడా. ఎమెస్కో ఇంటింటా గ్రంథాలయం పథకం ఆ రోజులదే. విశాలాంధ్రవాళ్ల వ్యాను ఊళ్లోకొచ్చి గోర్కీని, చెహోవ్‌ను చవగ్గా అమ్మిపోయిందీ ఆ రోజుల్లోనే.

టీవీ వచ్చాక షాపులు మూతపడ్డాయి. శాఖా గ్రంథాలయాలు మిగిలాయి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంది. అంటే అక్కడి పుస్తకాలకు డబ్బు కట్టేది మనమే. ఏ పుస్తకం కొనాలో మాత్రం మనం చెప్పడం లేదు. ఈ వారం మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లండి. మీకు నచ్చిన మూడు పుస్తకాల పేర్లు, అవి ఎందుకు నచ్చాయో ఒక్కో వాక్యం రాసి లైబ్రేరియన్‌కు ఇవ్వండి. పక్కన పేపరు చదువుతున్న పెద్దాయనకు కూడా ఆ కాగితం ఒకసారి చూపించండి.