గట్టుతో కూడిన మడి: అర్ధవివృత సమితుల కథ

నెల్లూరు తీరమందలి కోట పరిసరములలో వరిమడిని ఎరుగని విద్యార్థి ఉండడు. మడి చుట్టును గట్టు కలదు. ఆ గట్టును మందము లేని గీతగా ఊహింపుడు. గట్టును విడిచి లోపలి నేలను మాత్రమే తీసికొనినచో, అందలి ప్రతి బిందువు చుట్టును కొంత మేర మడిలోనిదే అయి ఉండును. టోపాలజీలో ఇట్టిదానిని వివృత సమితి అందురు. గట్టునంతటిని చేర్చినచో అది సంవృత సమితి. మరి గట్టులో కొంత భాగమునే చేర్చినచో? అది వివృతమును కాదు, సంవృతమును కాదు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన నార్మన్ లెవీన్ 1963లో ఇట్టి వానికి ఒక పేరు పెట్టెను. ఒక వివృత సమితికిని, గట్టుతో సహా దాని పూర్తి రూపమునకును నడుమ ఇమిడిన సమితి ఏదైనను అర్ధవివృతమే. వట్టి గట్టు మాత్రము కాదు.

ప్రమేయము అవిచ్ఛిన్నము కావలెనన్న, ప్రతి వివృత సమితికిని పూర్వబింబము వివృతము కావలెను. అర్ధవివృతమైనను చాలునని లెవీన్ ఈ నియమమును సడలించెను. నిండిన ఏండ్లలో లెక్కించు వయస్సును చూడుడు. పుట్టినరోజున అది 13 నుండి 14కు దూకును. కావున అవిచ్ఛిన్నము కాదు. కాని 14 అని చెప్పదగిన కాలము ఒక పుట్టినరోజుతో మొదలై, మరుసటి పుట్టినరోజు రాకముందే ముగియును. ఒకవైపు గట్టు గల మడి యన్నమాట! లెవీన్ సడలించిన నియమమునకు ఈ ప్రమేయము లోబడును.

పేరు కొత్తదే గాని భావము పాతది. రెండు చరరాశుల ప్రమేయము ఒక్కొక్క రాశికి విడివిడిగా అవిచ్ఛిన్నమైనను, రెంటికిని కలిపి కాకపోవచ్చును. అప్పుడు మిగులు గుణమేమి? ఫ్రాన్సులో రెనే బేర్ 1899లో, ఇటలీ గణితజ్ఞుడు వోల్తెర్రా సూచనననుసరించి, ఇట్టి సడలిన గుణమునే కనుగొనెను. పోలండులో కెంపిస్టీ 1932లో దానిని మరల పరిశీలించెను. ఇదియు లెవీన్ భావనయు ఒకటేయని తరువాత తేలినది. పైగా లెవీన్ ఎంచుకొనిన పేరు, బేర్ వేరొక గుణమునకు అంతకుముందే వాడిన పేరే! చదువువారికి ఈ చిక్కు నేటికిని తప్పుట లేదు.

అర్ధవివృత సమితులకు ఒక లోపము కలదు. ఒకే గట్టు గల రెండు పొరుగు మడులను గట్లతో సహా తీసికొనుడు. రెండును అర్ధవివృతములే, రెంటికిని ఉమ్మడిగా ఉన్నది వట్టి గట్టు. వివృత సమితుల విషయమున ఇట్లు జరుగదు. ఏ అర్ధవివృత సమితితో ఖండించినను ఫలితము అర్ధవివృతముగానే నిలుచు సమితులేవి? నార్వే గణితజ్ఞుడు ఓలవ్ న్యోస్తాద్ 1965లో వానిని ఆల్ఫా సమితులుగా పరిశీలించెను. ఇవి తమలో తాము ఖండించుకొనినను చెడవు. ఒక టోపాలజీగా ఏర్పడును. వివృత సమితి నుండి గట్టువంటి పలుచని సమితిని, అనగా ఎంత చిన్న మేరలోనైనను దట్టముగా వ్యాపింపని దానిని, తొలగించినచో మిగులునది ఆల్ఫా సమితియే. ఉదాహరణకు −1, 1 ల నడుమనున్న సంఖ్యలనుండి 1/2, 1/3, 1/4 మొదలగు వానినన్నిటిని తీసివేసి, 0ను ఉంచుడు. 0 చెంత ఇది వివృతము కాదు. అయినను ఆల్ఫా సమితి.

ఇక్కడ మనకు దగ్గరి మాట ఒకటి కలదు. నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న దినములలో, మద్రాసు విశ్వవిద్యాలయపు ఆర్. వైద్యనాథస్వామి 1944–45లో ప్రచురించిన వ్యాసమున, లెక్కింపదగని సమితులను కొన్నిటిని ముందే ఏర్పరచుకొని, వానిని ఉపేక్షించి సామీప్యమును నిర్ణయించు పద్ధతిని వివరించెను. ఏ సమితులను ఉపేక్షింతుమో దానిననుసరించి కొత్త వివృత సమితులు పుట్టును. టోపాలజీ మాత్రము చెడదు. పైన చెప్పిన పలుచని సమితులనే ఉపేక్షించినచో వచ్చునది, సరిగా న్యోస్తాద్ ఆల్ఫా సమితుల టోపాలజీయే.