ఉత్తర తెలంగాణను సామ్రాజ్యం ఎప్పుడు వదిలింది?

వలసపాలన అస్తమయానికి మన పాఠ్యపుస్తకాలు ఒకే తేదీ చెబుతాయి: 1947 ఆగస్టు 15. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు ఆ తేదీ అతకదు. ఆనాడు సంస్థానాలపై బ్రిటిష్ సార్వభౌమాధికారం రద్దు కాగానే నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తాను స్వతంత్రుణ్ణయ్యాననుకున్నాడు. 1798 నాటి సైన్య సహకార ఒడంబడిక నుంచీ ఇంగ్లీషు తుపాకుల అండతో నిలిచిన గద్దె, ఆ అండ పోయాక పదమూడు నెలలే నిలిచింది.

ఆ పదమూడు నెలల్లోనే, 1948 మార్చి 14న, హుస్నాబాద్ దగ్గరి మహ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకరరావు తన సహచరులతో పాటు నేలకొరిగాడు. ఊరూరా పటేల్ పట్వారీల దస్త్రాలు తగలబెట్టిన దళం వారిది. రాజ్యం ఎక్కడ కాపురముంటుందో వాళ్ళకు బాగా తెలుసు.

అడవిలో సంగతి ఇంకా చిక్కు. రిజర్వు అడవుల పేరిట పోడు భూములు పోగొట్టుకున్న గోండులు కొమురం భీం వెంట నడిచారు. 1940లో జోడేఘాట్‌లో భీం హతుడయ్యాడు. ఆ తరువాత అక్కడి పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వానికి దొరికినవాడు హైమన్‌డార్ఫ్: 1939లో యుద్ధం రావడంతో శత్రుదేశ పౌరుడిగా సంస్థానంలోనే వుండిపోవలసి వచ్చిన ఆస్ట్రియన్! అతని సిఫార్సులతో 1940లలో వేలాది గిరిజన కుటుంబాలకు పట్టాలొచ్చాయి. నిజాం దయ కాదది, జోడేఘాట్ భయం. అయినా వచ్చిన మాట నిజమే, దాన్ని దాచడం మన పని కాదు. 1970లలో మళ్ళీ వచ్చిన హైమన్‌డార్ఫ్, ఆ భూములు వలస వచ్చిన రైతుల, షావుకార్ల చేతుల్లోకి పోవడం చూసి రాశాడు.

1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అడవి చట్టం మాత్రం కదలలేదు. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చేదాకా తెలంగాణ అడవులను నిజాం నాటి 1355 ఫస్లీ చట్టమూ, ఆంధ్ర అడవులను తెల్లదొరల 1882 మద్రాసు చట్టమూ ఏలాయి. కొత్త చట్టం కూడా అడవిని ముందు సర్కారు సొత్తుగానే చూసింది.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకొచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయినవారు 13 మంది. జనం లెక్క అంతకు ఎన్నో రెట్లు. రెండేళ్ళకు, 1983లో, అల్లం రాజయ్య, సాహు రాసిన ‘కొమురం భీం’ వెలువడింది. దాన్ని చారిత్రక నవలల అరలో పెట్టబోయే విద్యార్థి, ముందుగా జోడేఘాట్, ఇంద్రవెల్లి తేదీలను పక్కపక్కన రాసుకుని చూడాలి.