వాషింగ్టన్ గగనతలం: చిన్న విమానం ఎక్కితే కూల్చేస్తారా? ఈ అపోహలు వదిలేయండి..

అమెరికా రాజధాని వాషింగ్టన్ మీద చిన్న విమానాలు ఎగరనే కూడదని చాలామంది అనుకుంటారు. కానీ వైట్‌హౌస్‌కు 10 మైళ్ల లోపే, మేరీల్యాండ్‌లో కాలేజ్ పార్క్ ఎయిర్‌పోర్టు ఇప్పటికీ నడుస్తోంది. 1909లో రైట్ సోదరుల్లో ఒకరైన విల్బర్ రైట్ సైనికాధికారులకు విమానం నడపడం నేర్పింది ఇక్కడే. మరి అక్కడి నుంచి ఎగరాలంటే రూల్స్ ఏంటి? అపోహలేంటి? చూద్దాం.

అపోహ 1: ప్రైవేటు విమానాలకు పూర్తిగా నిషేధం.
వాస్తవం: 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఈ ఎయిర్‌పోర్టును మూసేసిన మాట నిజమే. తర్వాత ముందుగా స్థానిక పైలట్లకు, 2005 నుంచి బయటివారికీ అనుమతి ఇచ్చారు. కాకపోతే పైలట్ ముందే వేలిముద్రలు ఇచ్చి, నేర చరిత్ర, భద్రతా తనిఖీల్లో పాస్ కావాలి. అప్పుడే ఒక పిన్ నంబర్ ఇస్తారు.

అపోహ 2: పిన్ వచ్చిందంటే ఎప్పుడైనా ఎగరొచ్చు.
వాస్తవం: కుదరదు. ప్రతిసారీ ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి. ఆ ప్రయాణానికి కేటాయించిన ప్రత్యేక ట్రాన్స్‌పాండర్ కోడ్ పెట్టుకోవాలి. కంట్రోలర్‌తో రేడియోలో మాట్లాడుతూ ఉండాలి. మామూలుగా వాడే 1200 కోడ్ ఇక్కడ పనికిరాదు. వైట్‌హౌస్, క్యాపిటల్ భవనం పైనైతే పిన్ ఉన్నా సరే నో ఎంట్రీ!

అపోహ 3: ఆంక్షలు సిటీ వరకే.
వాస్తవం: రీగన్ ఎయిర్‌పోర్టు చుట్టూ 30 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 56 కిలోమీటర్ల దాకా ప్రత్యేక నిబంధనలుంటాయి. అందులో సుమారు 15 నాటికల్ మైళ్ల లోపలి వలయం మరీ కఠినం. కాలేజ్ పార్క్ ఉన్నది అందులోనే.

అపోహ 4: దారి తప్పితే వెంటనే కూల్చేస్తారు.
వాస్తవం: ముందు రేడియోలో పిలుస్తారు. పలకకపోతే నేల మీద నుంచి ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ లేజర్ లైట్లతో హెచ్చరిస్తారు. హెలికాప్టర్లు, ఫైటర్ జెట్లు పక్కకు వచ్చి దారి మళ్లిస్తాయి. కాల్పులు ఆఖరి అస్త్రం. 2005 మే 11న ఒక సెస్నా 150 విమానం పొరపాటున లోపలికి దూసుకొచ్చింది. వైట్‌హౌస్, క్యాపిటల్ భవనాలను ఖాళీ చేయించారు. అయినా దాన్ని కూల్చలేదు, దారి మళ్లించి దించేశారు. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. లైసెన్స్ పోవచ్చు, జరిమానా పడొచ్చు, క్రిమినల్ కేసూ పెట్టొచ్చు.

అపోహ 5: జీపీఎస్ ఉంటే చాలు.
వాస్తవం: మ్యాప్‌లో గీత కనిపించినంత మాత్రాన సరిపోదు. రాజధానికి 60 నాటికల్ మైళ్ల లోపు చూపు ఆధారంగా విమానం నడిపే పైలట్లు ప్రత్యేక శిక్షణ కోర్సు పూర్తి చేసి ఉండాలి. తాత్కాలిక ఆంక్షలు ఎప్పుడైనా రావొచ్చు కాబట్టి బయల్దేరే ముందు నోటీసులు చూసుకోవాల్సిందే.

మనవాళ్లకు అలర్ట్: వాషింగ్టన్ చుట్టుపక్కల వర్జీనియా, మేరీల్యాండ్‌లలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పిల్లల డ్రోన్‌కు కూడా రూల్స్ వర్తిస్తాయి. రీగన్ ఎయిర్‌పోర్టుకు 15 మైళ్ల లోపు ప్రత్యేక అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. మీ ఇల్లు ఆ పరిధిలోకి వస్తుందో లేదో ముందే చెక్ చేసుకోండి.