బబ్లూ గంగూలీ: బంజరులో మొదలైన టింబక్టు

హిందూపురం నుంచి పెనుకొండ, ధర్మవరం దాకా మెట్ట సేద్యమే ఎక్కువ. వేరుశనగ ఒక్కటే నమ్ముకున్న రైతు వాన రాకపోతే అప్పులపాలే. ఈ కరువు సీమలో మరో దారి చూపినవారిలో సి.కె. గంగూలీ ఒకరు. అందరికీ ఆయన బబ్లూ.

పెనుకొండలోని యంగ్ ఇండియా ప్రాజెక్టులో పనిచేశాక, 1990లో భార్య మేరీ వట్టమట్టం, మిత్రులతో కలిసి చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బంజరులో టింబక్టు కలెక్టివ్ మొదలుపెట్టారు. జపాన్ రైతు ఫుకువోకా ఆలోచనలు స్ఫూర్తి. మంటలు, పశువుల మేత నుంచి కాపాడితే మోళ్లే చిగురించి నేల పచ్చబడింది.

తర్వాత చుట్టుపక్కల పల్లెల్లో సేంద్రియ పద్ధతిలో కొర్రలు, సామలు మళ్లీ పండించసాగారు. ఆ పంటను కొని, శుభ్రం చేసి అమ్మేందుకు 2008లో ధరణి సహకార సంఘం వచ్చింది. దానికి యజమానులు రైతులే. ఎరువుల ఖర్చు తగ్గి, గిట్టుబాటు ధర కూడా దక్కితేనే చిన్న రైతు చేను వదలడు. ధరణి పెట్టింది అందుకే.