పచ్చకామెర్ల టీకా

పిడుగురాళ్ల యనగానే సున్నపు బట్టీలు కన్నులకు గట్టును. ఆ ఊరి ప్రభుత్వాసుపత్రిలో నేడొక బిడ్డ పుట్టినచో, 24 గంటలలోపల తొడకొక సూదిమందు వేయవలెనని నియమము. అది హెపటైటిస్ బి టీకా. అందుకు పైకము పుచ్చుకొనరు. తల్లికి దాని పేరైనను జ్ఞాపకముండకపోవచ్చును. ఆ సూది మన పల్లెల కెట్లు వచ్చినదో ఈ పూట ముచ్చటించుకొందము.

కామెర్లు మనకు క్రొత్తవి కావు. కన్నులు పచ్చబడగానే పసరుమందునకు పరుగెత్తుట మన పెద్దలెరిగిన సంగతియే. కామెర్లలో పెక్కు వానంతట అవియే తగ్గును. కీర్తి మాత్రము పసరునకు దక్కును! హెపటైటిస్ బి తీరు వేరు. అది రక్తము ద్వారా వ్యాపించును. కాన్పువేళ తల్లి నుండి బిడ్డకు సంక్రమించును. పుట్టుకతో సోకినచో పదిమంది బిడ్డలలో తొమ్మండుగురికి అది దేహమున తిష్ఠవేయును. ఏండ్లు గడచిన పిదప వారిలో కొందరికి కాలేయము గట్టిపడుటయో, కాన్సరు పుట్టుటయో జరుగును. మొదటి దినపు సూదికి అంత తొందర యందుకే.

1965లో అమెరికా శాస్త్రజ్ఞుడు బ్లంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తములో వింత పదార్థమును గుర్తించినట్లు ప్రకటించెను. అది ఈ వైరసు పైపొర యని తరువాత తేలినది. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. 1981లో అమెరికాలో మొదటి టీకా వచ్చెను. దానిని రోగవాహకుల రక్తము నుండియే తీసెడివారు. 1986లో, రొట్టెపిండిని పులియించు ఈస్టు చేత ఆ పైపొరను తయారు చేయించి రెండవ టీకా తెచ్చిరి.

విద్య సిద్ధించినది గాని, మందు మనకందలేదు. దిగుమతియైన టీకా ఒక్కొక్క మోతాదు వందల రూపాయలు. మూడు మోతాదులు కావలెను. బట్టీ కూలికి అది యెట్లు సాధ్యము?

నెల్లూరు జిల్లావారైన ఇంజనీరు కె. ఐ. వరప్రసాదరెడ్డిగారు ఈ విద్యకొరకు ఒక విదేశసంస్థ నడిగిరి. ఇది మీ దేశమునకు అందునది కాదన్న అర్థము వచ్చు జవాబు దొరికినదని ఆయన పలుమార్లు చెప్పియున్నారు. ఆ మాట ఆయనకు గట్టిగా తగిలినది. 1993లో తల్లి శాంతమ్మగారి పేర హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించిరి. ఒమాను విదేశాంగమంత్రి యూసుఫ్ బిన్ అలావీ ధనసహాయము చేసిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున, పిదప సి.సి.ఎం.బి.లో పరిశోధనకు చోటు దొరికినది. 1997 ఆగస్టులో 'శాన్‌వాక్-బి' వెలువడెను. వెల మోతాదుకు సుమారు 50 రూపాయలు. ఇతర సంస్థలును రంగమున దిగెను, ధరలు దిగివచ్చెను.

అయినను, అంగడిలో చౌకయైన మందు అంతటితో పల్లెతల్లికి చేరదు. ప్రభుత్వ టీకాల పట్టికలో ఇది 2002-03లో కొన్ని జిల్లాలలో, నగరములలో పరీక్షగా చేరి, దేశమంతటికి 2011లో గాని విస్తరింపలేదు. ఇంతటి జాప్యమును మేము మెచ్చజాలము.

నేడు మొదటి సూది తరువాత ఆరు, పది, పదునాలుగు వారములకు మరి మూడు మోతాదులు ఇతర టీకాలతో కలిపి యిత్తురు. ఈ మందు 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున నుండవలెను. రెంటచింతల ఎండలెరిగిన పల్నాటివారు వేడికే భయపడుదురు గాని, మంచుపెట్టెలో గడ్డకట్టినను ఈ టీకా చెడును. అట్టి సీసాను పారవేయవలసినదే.