మూడు ఊళ్లు, వాటి మడిగెలు

హైదరాబాద్‌లో ఆఫీసు స్థలాల గిరాకీ గురించి ఎవరు మాట్లాడినా 1998 నవంబరులో మాదాపూర్‌లో వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ దగ్గరే మొదలుపెడతారు. ఐటీ కంపెనీ వేలమందిని తెస్తుంది, వాళ్లకు అంతస్తులు కావాలి, ఆ అంతస్తుల చుట్టూ హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు పుట్టుకొస్తాయి. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో కథ అలా నడవలేదు. ఈ మూడు ఊళ్ల మెయిన్ రోడ్లను మార్చింది బ్యాంకు శాఖ, లారీ ట్రాన్స్‌పోర్టు, ట్యూషన్ సెంటర్, నర్సింగ్ హోమ్, బంగారు రుణాల కంపెనీ లాంటి చిన్న కిరాయిదార్లు. వాళ్లను ఇక్కడికి రప్పించినవి నాగార్జునసాగర్ నీళ్లు, రోడ్డు, సర్కారు.

నీళ్లు రాకముందు ఈ ఊళ్లలో మడిగె కిరాయికివ్వడం పెద్ద వ్యాపారమేమీ కాదు. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెండింటికీ యజమాని ఒక్కడే. వడ్డీకిచ్చే షావుకారికీ ధాన్యం కొనే కమీషన్ ఏజెంటుకూ గల్లాపెట్టె, తక్కెడ ఉంటే పని జరిగిపోయేది. పుణె–మచిలీపట్నం రహదారి మీద ఉండడం వల్ల సూర్యాపేటకు మాత్రం బాటసారుల బేరం కొంత అదనంగా దొరికింది.

1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద వరి పెరిగింది, మిర్యాలగూడలో రైస్ మిల్లులు ఒకదాని వెంట ఒకటి లేచాయి. మిల్లు పరిశ్రమే, సేవారంగం కాదు. కానీ దాని పనులు దాని గోడల లోపల తీరవు. ధాన్యం కొనడానికి క్యాష్ క్రెడిట్ కావాలి, అంటే బ్యాంకు కావాలి. బియ్యం పంపాలంటే లారీ ఆఫీసు కావాలి. సరుకుకు బీమా, లెక్కలకు ఆడిటర్, ఖాళీ గోనెసంచులకు వ్యాపారి, తూకానికి వేబ్రిడ్జి, బేరం కుదర్చడానికి బ్రోకర్ ఉండాలి. మిల్లులేమో ఊరి అంచున రోడ్ల వెంట విస్తరించాయి. వాటికి సేవలందించేవాళ్లు బస్టాండుకూ రైల్వే స్టేషనుకూ దగ్గరగా రెండు షట్టర్ల గదులు వెతుక్కున్నారు. పట్టణం నడిబొడ్డున మడిగెకు నెలసరి కిరాయి అనే లెక్క నిలకడగా స్థిరపడింది అప్పుడే అని నా అంచనా.

ఇదే కాలంలో 1969 జూలైలో 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. 1976లో ఖమ్మం కేంద్రంగా నాగార్జున గ్రామీణ బ్యాంకు ఏర్పడి నల్లగొండ జిల్లాలోనూ శాఖలు తెరిచింది. ఈ ఊళ్ల వాణిజ్య భవనాల తీరును బ్యాంకు మార్చినంతగా మరే కిరాయిదారూ మార్చలేదు. ప్రభుత్వ రంగ బ్యాంకుకు భవనం కావాలంటే పత్రికలో ప్రకటన వేస్తుంది. యజమానులు రెండు కవర్లు ఇవ్వాలి, ఒకదానిలో సాంకేతిక వివరాలు, రెండోదానిలో కిరాయి. గోడల మందం, మెట్లు తీసేసి లోపల వాడుకోగలిగిన కార్పెట్ ఏరియా ఎంతో దాన్ని బట్టే కిరాయి. స్ట్రాంగ్ రూమును బ్యాంకు చెప్పిన కొలతల్లో కాంక్రీటుతో యజమానే కట్టించి ఇవ్వాలి. జనరేటరుకు చోటు చూపాలి, త్రీఫేజ్ కరెంటు ఇప్పించాలి. పట్టణంలో మామూలు మడిగె 11 నెలల కాగితం మీద నడుస్తుంటే, బ్యాంకు ఏళ్ల తరబడి ఉండే రిజిస్టర్డు లీజు అడుగుతుంది. మధ్యమధ్యలో కిరాయి ఎంత పెంచాలో ముందే రాసుకుంటుంది. ఇల్లు కట్టుకుందామని మెయిన్ రోడ్డు మీద జాగా కొన్నవాళ్లు కింద పిల్లర్ల హాలు, పైన కాపురం అన్న ప్లానుకు మారడానికి ఇది బాగా పనిచేసింది. బ్యాంకు కిరాయి పింఛను లాంటిదన్న నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకానికి తర్వాత గండి పడింది. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. ఒకే వీధిలో రెండు శాఖలు ఒకటైనప్పుడు ఒక యజమాని తాళాలు వెనక్కి తీసుకోవాల్సిందే. అప్పుడు అతని చేతిలో మిగిలేది ఇంకెవరికీ పనికిరాని స్ట్రాంగ్ రూము. బట్టల షాపువాడికి ఆ గోడ అడ్డం, కోచింగ్ సెంటరువాడికి ఆ చీకటి గది దండగ. బంగారు రుణాల కంపెనీలకు కాస్త ఉపయోగపడుతుందనుకుంటే, వాళ్లు ఎక్కువగా మొదటి అంతస్తులో చిన్న గదులే వెతుకుతారు. నగ తాకట్టు పెట్టే మనిషి నలుగురి కళ్లలో పడకుండా మెట్లెక్కి పోవాలనుకోవడం దీనికి ఒక కారణం. ఇంతకుముందు కిరాయికి పోని పై అంతస్తులకు విలువ తెచ్చినవాళ్లలో ఈ కంపెనీలూ ఉన్నాయి.

కిరాయి చట్టాల సంగతీ చెప్పాలి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ కిరాయి నియంత్రణ చట్టం మున్సిపాలిటీలన్నిటికీ వర్తించేది. పాత కిరాయిదారును ఖాళీ చేయించడం కష్టమనే భయంతో యజమానులు కిరాయి తగ్గించి భారీ అడ్వాన్సు, గుడ్‌విల్ అడగడం అలవాటు చేసుకున్నారు. ఆ తర్వాత పన్ను వచ్చి చేరింది. వాణిజ్య కిరాయి మీద 2007 జూన్‌లో సర్వీస్ టాక్స్ మొదలై, ఇప్పుడది 18 శాతం జీఎస్టీగా ఉంది. 2024 అక్టోబర్ 10 నుంచి రిజిస్ట్రేషన్ లేని యజమాని దగ్గర కిరాయికుండే రిజిస్టర్డు వ్యాపారే ఆ పన్ను కట్టాలన్నారు. కాంపోజిషన్ స్కీములో ఉన్న చిన్న వ్యాపారులకు కొద్ది నెలలకే మినహాయింపునిచ్చారు, అదొక్కటే ఊరట.

కోదాడది వేరే దారి. 2011 లెక్కల్లో సూర్యాపేట, మిర్యాలగూడ లక్ష జనాభా దాటితే కోదాడ 64 వేల దగ్గరే ఉంది. జర్మన్ భూగోళ శాస్త్రజ్ఞుడు క్రిస్టాలర్ 1933లో చెప్పిన సిద్ధాంతం ప్రకారం పెద్ద సేవలు పెద్ద ఊరిలో, చిన్న సేవలు చిన్న ఊరిలో ఉండాలి. కోదాడ ఆ వరుసలో ఇమడదు. బళ్లు, జూనియర్ కాలేజీలు, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు ఊరి జనాభాకు మించి వచ్చాయి. ఆయకట్టు పల్లెల్లో రెండు పంటలు తీసే రైతు పిల్లల ఫీజుల కోసం ఖర్చుపెట్టడానికి వెనకాడలేదు. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా తోడైంది. కాలేజీ ఊరి బయట పొలాల్లో కడతారు. హాస్టలు, జిరాక్సు, మెస్సు, మొబైల్ షాపు ఊరి లోపల కిరాయికి దిగుతాయి. ఇంజనీరింగ్ సీట్లకు గిరాకీ తగ్గినప్పుడు ముందుగా ఖాళీ అయ్యేవీ అవే. పైగా 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక కోదాడ రాష్ట్ర సరిహద్దు ఊరైంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేసేదాకా, ఆగిన లారీల మీద కొన్ని బేరాలు నడిచాయి.

రోడ్డు సూర్యాపేటకు ఇచ్చిందీ ఉంది, తీసుకున్నదీ ఉంది. 2012 చివర్లో జీఎంఆర్ నిర్మించిన నాలుగు వరుసల హైదరాబాద్–విజయవాడ రోడ్డు అందుబాటులోకి వచ్చింది. కార్లలో పోయేవాళ్ల బేరం ఊరి లోపలి హోటళ్లను వదిలి రోడ్డు పక్క పెద్ద పార్కింగులున్న దాబాలకు మారింది. ఎకరాల్లో జాగా, బాత్‌రూములు, పిల్లల ఆటస్థలం ఉంటే తప్ప ఆ వ్యాపారం నిలవదు. మడిగె యజమాని ఈ పోటీలో లేడు. ఊరి లోపల ఆ లోటును పూడ్చింది వైద్యమూ సర్కారూ. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ప్రైవేటు ఆసుపత్రులు పెరిగాయి, 2019లో మెడికల్ కాలేజీ వచ్చింది. ఆసుపత్రి ఒక్కటే రాదు. దాని వెంట ల్యాబు, స్కానింగ్, మందుల షాపు వస్తాయి. ఆసుపత్రి గేటు పక్క మందుల షాపుకు గుడ్‌విల్ ఎంతో ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లకే తెలుసు.

2016 అక్టోబర్ 11న సూర్యాపేట జిల్లా కేంద్రమైంది. ఆఫీసులు, వాటి వెంట వకీళ్లు, దస్తావేజు లేఖరులు, ఫొటో స్టూడియోలు, చిట్‌ఫండ్ శాఖలు వచ్చాయి. ఓపెన్ ప్లాట్ల ధరలు ఎగబాకాయి. రోడ్డు మీద నాలుగు అడుగులు దొరికితే చాలు, షట్టరు బిగించారు. 2023 ఆగస్టు 20న సమీకృత కలెక్టరేట్ ప్రారంభమవడంతో ఆఫీసులు ఒక్కచోటికి చేరాయి. అదే ఏడాది అక్టోబర్ 2న పాత కలెక్టరేట్ భవనంలో ఐటీ హబ్ తెరిచారు. నల్లగొండలోనూ అదే రోజు ఐటీ టవర్ ప్రారంభమైంది. ఇక సూర్యాపేట మరో మాదాపూర్ అవుతుందని ప్లాట్లు అమ్మేవాళ్లు చెప్పుకుంటారు. నేను నమ్మను. సర్కారు భవనంలో కూర్చునే కంపెనీ ప్రైవేటు యజమాని అంతస్తును కిరాయికి తీసుకోదు. దాని ఉద్యోగుల జీతాలు ఊళ్లో ఖర్చయినంత మేరకే గిరాకీ. మిర్యాలగూడ పక్కన దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వల్ల కాంట్రాక్టర్ల ఆఫీసులకు, అద్దె కార్లకు, లాడ్జీలకు పుట్టిన గిరాకీ అంతకంటే గట్టిదని నా ఉద్దేశం. కట్టడం పూర్తయ్యాక అందులో ఎంత నిలుస్తుందన్నది మాత్రం వేరే ప్రశ్న.

హైదరాబాద్ ఆఫీసు స్థలాల మీద సీబీఆర్‌ఈ, జేఎల్‌ఎల్, నైట్ ఫ్రాంక్ లాంటి సంస్థలు క్రమం తప్పకుండా నివేదికలు ఇస్తాయి. వాటిలో ఈ మూడు ఊళ్ల ఊసు ఉండదు. కానీ ఎవరు ఏ వీధిలో ఏ వ్యాపారం పెట్టారో మున్సిపాలిటీల ట్రేడ్ లైసెన్సుల పుస్తకాల్లో ఉంటుంది, ఏ భవనం వాణిజ్యమో ఆస్తి పన్ను రికార్డుల్లో ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి ఏడాదికోసారి వీధివారీగా ప్రకటించాలని మూడు మున్సిపాలిటీలను కోరుతున్నాను. అప్పు తీసుకుని అయిదో షట్టరు కట్టబోయే యజమానికి ఇప్పుడున్న ఆధారం బ్రోకర్ మాట ఒక్కటే.